ప్రార్థన చేస్తూనే పడిపోతున్నాను, లోపం ఎక్కడుంది?

గుంటూరు జిల్లా నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నాడు. అందుకే అందులోని సంగతులు క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 33. మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ ఉద్యోగం, నెలకు 27 వేలు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఐదేళ్ళ పాప. తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబమే. ఇంటర్‌లో ఉండగా యూత్ క్యాంపులో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. పన్నెండేళ్ళుగా సంఘంలో కీబోర్డు వాయిస్తున్నాడు. మూడేళ్ళుగా యవ్వనస్థుల ఫండ్ లెక్కలు కూడా తనే చూస్తున్నాడు.

నాలుగేళ్ళ కిందట ఐపీఎల్ రోజుల్లో షాపులో ఒకతను ఫోన్లో ఆట చూపించాడట. 49 రూపాయలు పెడితే 1,100 వచ్చాయి. "ఆ రోజు ఆ డబ్బు రాకపోయి ఉంటే బాగుండేదక్కా" అని రాశాడు. ముందు జట్టు కట్టే ఆట, తర్వాత రమ్మీ, ఆ తర్వాత బంతి బంతికీ పందెం. మన రాష్ట్రంలో 2020 నుంచే వీటిమీద నిషేధం ఉన్నా ఏదో ఒక దారి దొరికేది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు, దేవుడే తన కోసం తలుపు మూశాడని ఏడ్చి స్తోత్రం చెప్పాడు. మూడు వారాలు గడిచాక ఎవరో ఒక గ్రూపులో కొత్త లింకు పెట్టారు.

ఇప్పుడు అప్పు 2 లక్షల 85 వేలు. అందులో 90 వేలు భార్య గొలుసు తాకట్టు మీద తెచ్చినవి. గొలుసు బ్యాంకు లాకర్లో ఉందని ఆమె అనుకుంటోంది. క్రెడిట్ కార్డు మీద లక్షా పది వేలు, ఇద్దరు స్నేహితుల దగ్గర 60 వేలు, లోన్ యాప్‌లో 25 వేలు. వీటన్నిటికంటే తనను తినేస్తున్నది ఇంకొకటి ఉందన్నాడు. ఫిబ్రవరిలో యవ్వనస్థుల ఫండ్ నుంచి 14 వేలు వాడుకుని, జీతం రాగానే తొమ్మిదో రోజున తిరిగి పెట్టేశాడు. ఎవరికీ తెలియదు.

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మోకాళ్ళూనుతాడు. శుక్రవారం ఉపవాసం. సువార్త కూటాల్లో మూడుసార్లు ముందుకు నడిచి తీర్మానం చేసుకున్నాడు. బైబిల్ మొదటి పేజీలో ఆ మూడు తేదీలూ రాసి ఉన్నాయి. పాస్టరు గారితో "నాకొక శోధన ఉంది, ప్రార్థించండి" అంటే ఆయన 21 రోజుల ఉపవాస ప్రార్థన చెప్పారు. పదమూడో రోజున పడిపోయాడు. ఎక్కువగా పడిపోయేది ఆదివారం రాత్రి, ఆరాధనలో కన్నీళ్ళతో వాయించి వచ్చిన రోజునే.

"దేవుడు నా ప్రార్థన వినడం లేదా? నాకు కలిగిన రక్షణ నిజం కాదా? సంచి దగ్గర పెట్టుకుని దొంగతనం చేసిన యూదాకూ నాకూ తేడా ఏముంది? నా భార్యకు చెబితే పుట్టింటికి వెళ్ళిపోతుంది. కీబోర్డు మానేస్తే అందరూ ఎందుకని అడుగుతారు. ఏం చెయ్యనక్కా?"

తమ్ముడూ, వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడో పేజీలో అడుగున ఒక మాట రాశావు. "చివరి ఓవర్లో కూడా ప్రార్థించాను, ప్రభువా ఈ ఒక్కసారి గెలిపించు, అప్పు తీర్చేసి ఇక మానేస్తాను అని." ఇది రాయడానికి నువ్వు ఎంత సిగ్గుపడి ఉంటావో నాకు తెలుసు. అయినా రాశావు. నీకు జవాబు చెప్పడం అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీ ప్రార్థనలన్నీ ఏ సమయంలో చేసినవో ఒకసారి చూసుకో. తెల్లవారి నాలుగున్నరకు ఒకటి. అప్పుడు మ్యాచ్ ఉండదు, ఫోన్లో మెసేజ్ రాదు, మనసు ప్రశాంతంగా ఉంటుంది. పందెం మధ్యలో ఒకటి. పోయాక అర్ధరాత్రి ఏడుస్తూ ఒకటి. సాయంత్రం ఏడు గంటలకు, ఏడున్నర మ్యాచ్‌కు ముందు, చెయ్యి ఫోన్ మీదకు వెళ్ళబోతున్నప్పుడు చేసిన ప్రార్థన నాలుగు పేజీల్లో ఒక్కటీ కనబడలేదు. నువ్వు ప్రార్థించని మనిషివని నేను అనడం లేదు. నాకంటే ఎక్కువే ప్రార్థిస్తున్నావు. కాని ఆ అరగంటలోకి ప్రభువును రానివ్వడం లేదు. అప్పుడు ప్రార్థిస్తే ఆడటం కుదరదని నీ లోపల నీకు తెలుసు.

ప్రభువు నేర్పిన ప్రార్థన మనందరికీ చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. "మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము." శోధనలో పడ్డాక పైకి లాగమని కాదు, అసలు లోపలికే పోనివ్వవద్దని అడగడం నేర్పాడు. గెత్సేమనేలో శిష్యులతో అన్నదీ అదే, "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి." ప్రవేశించకుండునట్లు. అంటే దానికో గుమ్మం ఉందన్నమాట. గుమ్మం బయట చేసే ప్రార్థన నువ్వు దాటేస్తున్నావు.

శోధన అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మన తెలుగు బైబిల్లో ఈ ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయమే తీసుకో. రెండో వచనంలో శోధనలలో పడితే మహానందమని ఎంచుకోమన్నాడు. అక్కడ అది కష్టం, విశ్వాసానికి వచ్చే పరీక్ష. పద్నాలుగో వచనానికి వచ్చేసరికి "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" శోధింపబడతాడన్నాడు. అక్కడ అది లోపలి నుంచి లాగే ఆశ. సంఘంలో మనం జ్వరం వచ్చినా శోధన అంటాం, ఉద్యోగం పోయినా శోధనే. నువ్వు పాస్టరు గారితో "శోధన ఉంది" అన్నప్పుడు ఆయన ఏమనుకుని ఉంటారు? ఇంట్లో ఏదో ఇబ్బంది అనుకుని ఉంటారు. జబ్బు పేరు చెప్పకుండా మందు రాయించుకుని, మందు పనిచెయ్యలేదని బాధపడుతున్నావు. ఆయన తప్పు లేదు. నువ్వు కావాలని మోసం చేశావనీ అనను. ఆ మాట వెనక దాక్కోవడం మనందరికీ అలవాటే.

ఇక అరణ్యంలో ప్రభువుకు వచ్చిన రెండో శోధన చూడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారని వాక్యంలో ఉందిగా అన్నాడు అపవాది. అన్నది కీర్తనల్లోని మాటే. ప్రభువు దూకలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. యాప్ ఫోన్లోనే ఉంచుకుని, ఆ గ్రూపులోనే ఉంటూ, కార్డు వివరాలు అందులోనే దాచిపెట్టి, "ప్రభువా నన్ను కాపాడు" అనడం శిఖరం అంచున నిలబడి ప్రార్థించడమే తమ్ముడూ. నీకు దిగే మెట్లు ఉన్నాయి. "శోధనతో కూడ తప్పించుకొను మార్గమును" దేవుడు కలుగజేస్తాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మార్గం చాలాసార్లు మామూలు మార్గమే. యోసేపుకు పోతీఫరు ఇంట్లో అది ఒక తలుపు. పాపానికి లాగబోయిన పోతీఫరు భార్య చేతిలో పైబట్ట వదిలేసి పరుగెత్తాడు. అక్కడ మోకాళ్ళూని ఉంటే ఏమయ్యేదో!

నీకు అలిపియుస్ సంగతి చెప్పాలని ఉత్తరం చదువుతున్నప్పుడే అనిపించింది. నాలుగో శతాబ్దపు మనిషి, తొలినాళ్ళ సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీనుకు ప్రాణస్నేహితుడు. రోములో చదువుకుంటున్న రోజుల్లో స్నేహితులు అతన్ని గ్లాడియేటర్ల ఆట చూడటానికి బలవంతంగా లాక్కెళ్ళారు. మనుషులు ఒకరినొకరు చంపుకునే ఆట. అతనికి అది అసహ్యం. మీరు నా శరీరాన్నే తీసుకెళ్ళగలరు, నా మనసును కాదు అని చెప్పి, అక్కడ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి జనం ఒక్కసారిగా అరిచారు. ఏమిటో చూద్దామని కళ్ళు తెరిచాడు. అంతే. ఇక కళ్ళు తిప్పుకోలేకపోయాడు. తర్వాత తనే ఇంకొందరిని వెంట తీసుకెళ్ళే స్థితికి వచ్చాడు. అతను దేవుని మీద కాక తన మీద తాను నమ్మకం పెట్టుకున్నాడని అగస్టీను బాధపడతాడు. మ్యాచ్ చూస్తాను గాని పందెం కట్టను అని నువ్వు అనుకున్న రోజులు కూడా ఇలాంటివే కదా. ఆ అలిపియుసే 387 ఈస్టరుకు మిలానులో అగస్టీనుతో పాటు బాప్తిస్మం పొందాడు, తర్వాత తగస్తె పట్టణానికి బిషప్ అయ్యాడు. ఒకసారి అలా పట్టుబడినవాణ్ణి దేవుడు పక్కన పడెయ్యలేదు.

మా నాన్నగారికి కల్లు అలవాటు ఉండేది. ప్రభువులోకి వచ్చాక మానాలని ఎంతో తపించారు. పొలం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే కల్లుపాక. కొన్ని నెలలు పాక ముందు నుంచే ప్రార్థన చేసుకుంటూ వచ్చి, వారానికి రెండుసార్లు లోపలికి వెళ్ళిపోయేవారు. ఒకరోజు నుంచి కాలువగట్టు మీదుగా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టారు. మైలు పైన ఎక్కువ నడక. చీకట్లో కీర్తనలు పాడుకుంటూ వచ్చేవారు, ఆ పాట వినబడితే అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ప్రార్థనతో మానాడా, దారి మార్చుకుని మానాడా అని మా మామయ్య అడిగేవాడు. నాన్నగారు ఆ రెండూ వేరని ఎప్పుడూ అనుకోలేదు.

కాబట్టి నీ కాలువగట్టు ఏదో నువ్వే చూసుకోవాలి. సాయంత్రం ఏడు నుంచి పదకొండు వరకు ఫోన్ మీ ఆవిడ చేతిలో ఉండటం ఒకటి. నెట్ లేని చిన్న ఫోన్‌లోకి సిమ్ మార్చుకుని, బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, జీతం ఆమె ఖాతాలోకి వెళ్ళేలా చెయ్యడం ఇంకొకటి. మొదటిది తేలిక, కాని ఆమె ఊరెళ్ళిన రోజున కూలిపోతుంది. రెండోది కష్టం, షాపులో నగుబాటుగా కూడా అనిపిస్తుంది, కాని ఆపద వచ్చిన గంటలో అదే నిలబడుతుంది. నీ స్థితిలో రెండోదే మంచిదని నా ఆలోచన. గ్రూపుల్లోంచి బయటికి రావడం మాత్రం ఈ ఉత్తరం చదువుతుండగానే చెయ్యి.

ఆ ఏడు గంటల ప్రార్థన పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఆశ ఎగసిన క్షణంలో పొడుగు ప్రార్థన నోటికి రాదు. పదహారు వందల ఏళ్ళ కిందట ఐగుప్తు ఎడారిలో ఉన్న సన్యాసులు ఒక్క వచనాన్నే పట్టుకుని పగలూ రాత్రీ పలికేవారు, 70వ కీర్తన మొదటి వచనం. "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము." తింటూ, నడుస్తూ, చేతిపని చేసుకుంటూ అదే. గట్టిగా పలుకు, మనసులో కాదు. పలుకుతూనే లేచి గదిలోంచి బయటికి వచ్చెయ్. పాపను తీసుకుని వీధి చివరిదాకా నడువు. ఆ ఆశ కెరటంలా లేస్తుంది, కాసేపటికి విరుగుతుంది. కాళ్ళు కదులుతుంటే అది విరిగేదాకా నిలబడటం కొంత సులువు.

ఆదివారం రాత్రుల గురించి నువ్వు బాగా భయపడుతున్నావు, నా ఆరాధన నాటకమేమోనని. కాదు. ప్రభువు యొర్దానులో బాప్తిస్మం పొంది, ఆకాశం నుంచి తండ్రి స్వరం విన్న వెంటనే అరణ్యానికి వెళ్ళాడు. ఎత్తు మీద నుంచి దిగుతున్నప్పుడు మనిషి అలసి ఉంటాడు. పొద్దున్నుంచి వాయించి, మధ్యాహ్నం యూత్ కూడిక నడిపి, ఇంటికి వచ్చి ఒక్కడివే పడుకుంటావు. ఒళ్ళు అలసట, మనసు ఖాళీ. లూకా ఇంకో మాట కూడా రాశాడు. అపవాది "కొంతకాలము" ఆయనను విడిచిపోయాడట. ప్రభువునే కొంతకాలం విడిచిపోయినవాడు నిన్ను మూడు తేదీలకే శాశ్వతంగా వదిలేస్తాడని ఎందుకు ఆశించావు? ఒక్క రాత్రిలో ఆశ మొత్తం పోయిందని వేదికల మీద సాక్ష్యం చెప్పేవాళ్ళను నేనూ విన్నాను. వాళ్ళ మాట అబద్ధమనను, కొందరికి అలా జరుగుతుంది. కాని దాన్ని కొలబద్ద చేసుకుని నీ రక్షణను కొలవకు.

ఇంకొకటి. జూదం పట్టు కూడా వ్యసనాల్లో ఒకటని వైద్యులు గుర్తించారు. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు, కొంచెంలో తప్పిపోయిందనిపించే ఓటమి, పోయింది రాబట్టుకోవాలనే తొందర, ఇవన్నీ కలిసి మనసును మద్యంలాగే పట్టేస్తాయి. టెలీమానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా పలుకుతారు. నిద్ర పట్టడం లేదనీ, ఒకసారి చచ్చిపోతే బాగుండుననిపించిందనీ రాశావు. దాన్ని అలా వదలకు. ఈ రోజే ఫోన్ చెయ్యి. డాక్టరు దగ్గరికి వెళితే విశ్వాసం తగ్గినట్టు కాదు. లూకా వైద్యుడే, పౌలు అతన్ని ప్రియుడైన వైద్యుడన్నాడు.

యూదాకూ నీకూ తేడా ఏమిటని అడిగావు. ప్రభువును పట్టుకున్న ఆ రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయారు. యూదా పశ్చాత్తాపపడ్డాడు, వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు కూడా. కాని ఒంటరిగా వెళ్ళిపోయాడు. పేతురు ముమ్మారు బొంకి, వెక్కివెక్కి ఏడ్చి, మిగతా శిష్యుల దగ్గరికే చేరాడు. ఆదివారం ఉదయం మగ్దలేనే మరియ పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళ మధ్యే ఉన్నాడు. అతను పడకముందే "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అని ప్రభువు చెప్పి ఉన్నాడు. నీ కోసం ఆయన చేస్తున్న ప్రార్థన నీ నాలుగున్నర ప్రార్థనకంటే ముందే మొదలైంది. నువ్వు ఇంతవరకు చెయ్యనిది ఒక్కటే, మనుషుల దగ్గరికి రావడం.

అందుకే మీ ఆవిడ సంగతి. చెప్పకుండా అప్పు తీర్చేసి, గొలుసు విడిపించి, ఏమీ జరగనట్టు ఉండే దారి ఒకటుంది. 27 వేల జీతంతో దానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ అబద్ధం మీద అబద్ధం పేర్చాలి, ఆ ఒత్తిడే నిన్ను మళ్ళీ పందెం వైపు తోస్తుంది. సగం చెప్పే దారి ఇంకొకటి, లక్ష అప్పుందని చెప్పి మిగతాది దాచడం. ఇది అన్నిటికంటే చెడ్డది. మిగతా సగం బయటపడిన రోజున ఆమె ముందు చెప్పినదాన్ని కూడా నమ్మదు. మొత్తం చెబితే ఆమె ఏడుస్తుంది, కోప్పడుతుంది, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళినా వెళుతుంది. వెళ్ళదని నేను హామీ ఇవ్వలేను. అది ఆమె గొలుసు, కోప్పడే హక్కు ఆమెకుంది. క్షమించమని వాక్యం చూపించి ఒత్తిడి చెయ్యకు. అప్పుల కాగితం ఒకటి రాసి, ప్రతి అంకె వేసి, పాప నిద్రపోయాక ఆమె ముందు పెట్టు. లోన్ యాప్ వాళ్ళు ఆమెకో, మీ అత్తగారికో ఫోన్ చేసేలోపు నీ నోటితో వినడం మేలు.

ఆ కాగితం మీద ముందు లోన్ యాప్ అప్పు తీర్చండి, తర్వాత కార్డు. స్నేహితులను టైమ్ అడుగు, కారణం దాచకుండా. అప్పు తీర్చడానికి కొత్త అప్పు వద్దు. అద్భుతంగా డబ్బు రావాలని కూడా ప్రార్థించకు. నీకిప్పుడు ఆ ప్రార్థనకూ పందేనికీ మధ్య గీత చాలా సన్నం.

సంఘం డబ్బు విషయంలో, తిరిగి పెట్టేశాను కదా అని మనసు చెబుతుంటుంది. అయినా అది నిన్ను తింటోందంటే పని ఇంకా మిగిలి ఉందనే. ఉద్యోగంలో పని ఎక్కువైందని చెప్పి లెక్కలు ఇంకొకరికి అప్పగించవచ్చు. డబ్బు భద్రంగా ఉంటుంది, నీ గుండె మాత్రం తేలికపడదు. లేదా పాస్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. కొంతకాలం పరిచర్య ఆపమంటారు, ప్రభువు బల్లకు దూరంగా ఉండమన్నా అనవచ్చు, కమిటీలో చెప్పాలనవచ్చు. మాట బయటికి పొక్కే ప్రమాదమూ ఉంది, మన సంఘాల్లో అది లేదని నేననలేను. ఆయన దగ్గర మాట నిలవదని నీకు గట్టిగా అనిపిస్తే, నోరు కట్టుకోగల ఒక పెద్దాయనను ఎంచుకుని ముందు ఆయనకు చెప్పు, ఆయన్ను వెంటబెట్టుకుని పాస్టరు గారి దగ్గరికి వెళ్ళు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న వచనం వేదిక గురించి కాదు. యూత్ ముందు నిలబడి సాక్ష్యం చెబుతానని రాశావు, అది ఇప్పుడు వద్దు. చప్పట్లు కూడా ఒక గెలుపులాంటివే, నీకు కొంతకాలం గెలుపులు లేకుండా గడవాలి. లెక్కల పుస్తకం మాత్రం ఏ దారి పట్టినా ఈ వారమే వదిలెయ్.

ఆపేసిన ఉపవాసం మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగావు. అన్నం మానడం నీకు వచ్చు. ఇరవై ఒక్క సాయంత్రాలు ఫోన్ మాను, అన్నం తిను, పాపకు హోంవర్క్ చేయించు. మధ్యలో పడిపోతే మొదటి నుంచి లెక్కపెట్టకు. పడిన రాత్రే ఆ పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పి, పద్నాలుగో రోజు నుంచి కొనసాగించు. బైబిల్లో నాలుగో తేదీ రాయవద్దు.

ఇక కీబోర్డు. శాశ్వతంగా మానమని చెప్పను, పాట నీకు దేవుడిచ్చినదే. కాని ఈ కొన్ని నెలలు కూర్చోకు. ఎందుకని అడిగిన వాళ్ళకు "ఇంట్లో కొన్ని పనులు చక్కబెట్టుకోవాలి" అను, అది నిజమే. ఈ ఆదివారం మగవాళ్ళ వైపు వెనక వరసలో పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాట విను. పన్నెండేళ్ళలో నువ్వు వాయించకుండా విన్న పాట ఒక్కటైనా ఉందా? సాయంత్రం అలసిపోకుండా ఇంటికి వెళ్ళు. చీకటి పడకముందే మీ ఆవిడతో మాట్లాడావో లేదో, ఆమె ఏమందో నాకు రాయి. ఆమెకు నాతో మాట్లాడాలనిపిస్తే ఆమెనే రాయమను.